మా చిన్నాయన బయోడేటాలో నాగకన్య

ఒక పెళ్ళి సంబంధం చెడగొట్టాలంటే మామూలుగా పదిమంది కష్టపడాలి. ఒకరు చాడీ మోయాలి, ఇంకొకరు దానికి కొమ్ములు అతికించాలి, మరొకరు జాతకంలో దోషం వెతకాలి. నేను ఒక్కణ్ణే, కూర్చున్న చాప మీంచి లేవకుండా, ఎడమ చేత్తో ఆ పని దాదాపు పూర్తి చేసేశాను. కుడి చెయ్యి ఖాళీగా లేదు. అందులో పాచికలున్నాయి.

అప్పుడు నాకు పందొమ్మిదేళ్ళు. కల్యాణ్‌లో బీకాం రెండో సంవత్సరం చదువుతున్నాను. ఆ వయసులో మనిషికి తెలివి ఉంటుంది, ఎక్కడ పెట్టాడో గుర్తుండదు, అంతే. మరమగ్గాల ఊరు భివండిలో వరాలా చెరువు దగ్గర రెండు గదుల ఇంట్లో అమ్మ, నాన్న, నేను, మా నాన్న తమ్ముడు రాజేశం చిన్నాయన ఉండేవాళ్ళం. చిన్నాయన ఇరవై నాలుగు సాంచాల, అంటే మరమగ్గాల, కార్ఖానాలో మిస్త్రీ. మగ్గం ఎక్కడ ఆగినా, ఏ పళ్ళచక్రం అరిగినా ఆయన్నే పిలవాలి. చెవి ఆనించి విని, "మూడో నంబరు సాంచాకు రేపు రోగమొస్తది" అని ముందే చెప్పగలడు. యంత్రాలతో అంత చనువున్న మనిషికి మనుషులతో మాత్రం మాట పెగలదు. ఆడవాళ్ళ ముందైతే మరీ కష్టం.

ముప్పై మూడేళ్ళు వచ్చాయి. అప్పటికి మూడు సంబంధాలు తప్పిపోయాయి. మూడూ ఒకే కారణంతో తప్పిపోయాయి. మూడోసారి పెళ్ళికూతురి నాయనమ్మ ఉండబట్టలేక అడిగేసింది.

"పిల్లగానికి మాటలొస్తయా?"

వస్తాయన్నట్టు చిన్నాయన తల ఊపాడు. ఆ సంబంధం అక్కడితో సరి.

ఇక నా పాచికల సంగతి. కాలేజీలో ఒక స్నేహితుడు నాకు ఒక ఆట అంటించాడు. అంటించాడనే అనాలి, జలుబు లాగే వచ్చింది. ఒకడు కథ చెబుతూ ఉంటాడు. మిగతావాళ్ళు ఆ కథలో తలా ఒక వీరుడిగా మారి, ఏం చేస్తారో నోటితో చెప్పాలి. గోడ దూకుతానంటే దూకలేడు, ముందు పాచిక వెయ్యాలి. పెద్ద అంకె పడితే దూకినట్టు, చిన్నది పడితే కాలు విరిగినట్టు. పాచికంటే పచ్చీసు గవ్వల్లాంటిది కాదు, ఇరవై ముఖాలుంటాయి. మా ఊళ్ళో సాంచాలకు శుక్రవారం సెలవు. కాబట్టి ప్రతి శుక్రవారం పొద్దున మా ముందు గదిలో చాప పరిచి, ఇద్దరు స్నేహితుల్ని పిలిచి నేను కథ చెప్పేవాణ్ణి. రాక్షసులు, నదులు, శాపాలు అన్నీ నా చేతిలోనే ఉండేవి. లోకాన్ని నడిపేది నేనేనన్న పొగరు అప్పట్లో నా నడకలో కూడా కనిపించేదని అమ్మ ఇప్పటికీ అంటుంది.

ఒక శుక్రవారం ఆటకు మనిషి తక్కువై చిన్నాయన్ను లాక్కొచ్చి కూర్చోబెట్టాను. ఏదో మూలకు ఉంటాడులే అనుకున్నాను. మొదటి రాక్షసుడు కనబడగానే మా చిన్నాయన మోకాళ్ళ మీద లేచి, "ఎవడ్రా నువ్వు! నా తొవ్వకు అడ్డమొస్తవా!" అని అరిచాడు. పక్కింటి కుక్క లేచి పోయింది. వంటగదిలోంచి అమ్మ గరిటతో పరుగెత్తుకొచ్చింది. పదిహేనేళ్ళు సాంచాల మోతలో మగ్గిన గొంతు అది. ఇన్నాళ్ళూ లోపలే ఉందని మాకెవరికీ తెలియదు.

ఈ ఆటకు ప్రతి వీరుడికీ ఒక కాగితం ఉండాలి. వాడి బలం, జాతి, ఆస్తి, బలహీనతలు అందులో రాసుకోవాలి. స్నేహితుడు ఇచ్చిన అసలు కాగితం ఇంగ్లీషులో నాలుగు పేజీలుంది, పేజీకి యాభై గడులు. చిన్నాయన దాన్ని చూసి చాప మీంచి లేచాడు.

"బ్యాంకు కాయిదాల మీద నేను సంతకం పెట్టనురా."

మా వాళ్ళెవరికీ ఆ గడులు కొరుకుడు పడలేదు. అందరికీ కంఠతా వచ్చిన ఫారం మా బస్తీలో ఒక్కటే ఉంది, జిరాక్స్ దుకాణంలో అమ్మే పెళ్ళి బయోడేటా ఫారం. పైన గణపతి బొమ్మ, కుడివైపు ఫోటోకు గడి, కింద వరసగా మరాఠీలో పేరు, ఎత్తు, రక్తం గ్రూపు, నౌకరీ, ఆస్తి, పూర్వ వివాహ వివరాలు, ఆఖర్న 'అపేక్ష', అంటే ఎలాంటి పిల్ల కావాలో చెప్పే గడి. చిన్నాయన బయోడేటాలు మా ఇంట్లో రాసేది నేనే, నా దస్తూరి ముత్యాల్లా ఉంటుందని పేరు. ఆ ఫారాలే డజను తెచ్చాను. వీరుల వివరాలు వాటిలోనే నింపాం. ఆ రోజు నా తెలివికి నేనే మురిసిపోయాను. ఇప్పుడు తలుచుకుంటే ఆ మురిపెం మీద ఒక్కటి మొట్టాలనిపిస్తుంది.

వీరుడికి గంభీరమైన పేరేదైనా పెట్టుకోమంటే చిన్నాయన ఒప్పుకోలేదు. "నా పేరుకేమైందిరా? మా బాపు పెట్టిండు" అన్నాడు. అలా ఆ వీరుడు కూడా రాజేశమే అయ్యాడు. ఫోటో గడి ఖాళీగా ఉంటే బాగాలేదని తన ఫోటో ఒకటి తెచ్చి తానే అతికించాడు. ఎత్తు ఆరడుగుల రెండంగుళాలు. రక్తం గ్రూపు దగ్గర వీరుడి జాతి రాయాలి కాబట్టి సగం రాక్షసం. నౌకరీ, కోటలు కూల్చడం. ఆస్తి, రెండు గుహలు, ఒక నల్ల గుర్రం. పెళ్ళి వివరాల గడి మాత్రం ఆట కొన్ని నెలలు సాగాక నిండింది, నాగకన్యతో అయింది, విడిపోయారు. ఇక ఆఖరి గడిలో, యుద్ధంలో తోడుగా ఎలాంటివాళ్ళు కావాలో రాయమన్నాను. దానికి మాత్రం అరగంట ఆలోచించి ఒక్కొక్క మాటే చెప్పి రాయించాడు.

ఆట కాగితాలు, నిజం బయోడేటా అన్నీ ఒకే ప్లాస్టిక్ ఫైల్లో పెట్టింది ఎవరని అడక్కండి.

అలాంటి ఒక శుక్రవారం చిన్నాయన కార్ఖానాలో సాంచా విప్పుకుని కూర్చున్నాడు, సెలవు రోజే కదా మరమ్మతులు చేసేది. మేం ముగ్గురం ఆటలో ఉన్నాం. మా స్నేహితుడు ఒకడు కొండ అంచున వేలాడుతున్నాడు. సరిగ్గా అప్పుడు సంబంధాలు చూసే నర్సక్క గుమ్మంలోకొచ్చి నిలబడింది.

"శ్రీనూ, మీ చిన్నాయన కాయిదం ఒకటియ్యి బిడ్డ. పద్మానగర్ల మంచి సంబంధమున్నది."

"ఒక్క నిమిషమక్కా."

"అరే శ్రీనూ, పాసా ఫేక్ నా, పాచిక ఎయ్యి! నేను పడిపోతున్న ఇక్కడ!" అని కొండ అంచునున్నవాడు అరిచాడు.

ఎడమ చెయ్యి ఫైల్లో పెట్టాను. చిన్నాయన ఫోటో కనబడింది, కింద రాజేశం అన్న పేరు కనబడింది. తీసి ఇచ్చాను. నర్సక్కకు చదువు రాదు. ఆమె గణపతికి దణ్ణం పెట్టుకుని, కాగితం మడిచి సంచిలో వేసుకుని వెళ్ళింది.

గురువారం కబురొచ్చింది. పెళ్ళికూతురు పేరు సుజాత. ఊళ్ళో పది వరకు తెలుగులో చదువుకుని వచ్చి, మాన్కోలి గోదాముల్లో పార్సెళ్ళు చూసుకునే పని చేస్తోంది. ఐదు సంబంధాలు వద్దన్న పిల్ల ఈసారి కాగితం చదివి, తానే స్వయంగా వచ్చి చూస్తానన్నదట.

"పిల్లనే వస్తదట వదినె! గింత దాంక గట్ల ఎవ్వలన్న అడిగిన్రా?" అంది నర్సక్క.

నాన్న పొలం గొడవ మీద ఊరికి వెళ్ళి ఉన్నాడు. భారమంతా అమ్మ మీదే పడింది. ఆమె ఆనందం పట్టలేక గోడలు కూడా కడిగింది.

మర్నాడు శుక్రవారం. వాళ్ళు పదకొండింటికి వస్తారు. పదింటికి నేను ఏదో కాగితం కోసం ఫైలు తెరిచాను. పైనే చిన్నాయన నిజం బయోడేటా ఉంది. నేను దాన్ని చూశాను. అందులోంచి చిన్నాయన నన్ను చూశాడు. నా పైప్రాణాలు పైనే పోయాయి.

వెంటనే అమ్మకు చెప్పి ఉండాల్సింది. చెప్పలేదు. దానికి బదులు కూర్చుని ఆలోచించాను. వాళ్ళు ఆ కాగితం చదివి ఉంటే రారు. వస్తున్నారు. అంటే సరిగ్గా చదవలేదన్నమాట. ఈ తర్కంలో ఏ తప్పూ లేదని ఇప్పటికీ నా అభిప్రాయం.

వచ్చారు. సుజాత, వాళ్ళ నాన్న, నర్సక్క. వాళ్ళ నాన్న పాతకాలపు నేతమనిషి, దళసరి కళ్ళద్దాలు, చూపు ఆనదు. చిన్నాయన కొత్త చొక్కా వేసుకుని కుర్చీ అంచున కూర్చున్నాడు, నేలను పరీక్షిస్తున్నాడు. అమ్మ చాయ్, అటుకులు తెచ్చింది.

"పిల్లగాడు ఏమన్న మాట్లాడుతడా చెల్లె?" అని అడిగాడు పెద్దాయన.

"మస్తు మాట్లాడుతడన్నా. ఇయ్యాల గొంతు నొస్తున్నది."

సుజాత తన బ్యాగు తెరిచి మడిచిన కాగితం తీసింది. వెనకవైపు నేను గీసిన కోట పటం కనబడుతోంది.

"రెండు మూడు అడుగుదామనుకుంటున్న. అడగొచ్చా?"

"అడుగు బిడ్డ, నీ ఇల్లే అనుకో" అంది అమ్మ.

"ఎత్తు ఆరడుగుల రెండంగుళాలని ఉన్నది."

అందరూ చిన్నాయన వైపు తిరిగారు. చిన్నాయన ఐదడుగుల మూడు.

"కూసున్నడు గద బిడ్డ" అంది అమ్మ.

సుజాత తల ఊపి తర్వాతి గడికి వెళ్ళింది. ఆమె ముఖంలో నవ్వు లేదు, కోపం లేదు. పార్సెల్ మీద చిరునామా సరిచూసుకున్నట్టే చూస్తోంది.

"ఆస్తి, గుహలు రెండు."

"గుహలంటే గోదాములక్కా" అని నేను దూకాను. "లోపట చీకటుంటది గద. మేం ముద్దుకు గట్లంటం."

"ఏడున్నయి?"

"మాన్కోలిల."

"నేను మాన్కోలిలనే పనిచేస్త. ఏ కాంపౌండు?"

భివండి చుట్టూ ఇన్ని ఊళ్ళుండగా నా నోటికి మాన్కోలే ఎందుకొచ్చిందో ఆ గణపతికే తెలియాలి.

"నల్ల గుర్రమొకటి ఉన్నదట?"

"బైక్ అక్కా."

"బైకెక్కడిదిరా? షేరింగ్ రిక్షాల పోతడు గద రోజు" అంది నర్సక్క, సాయం చేస్తున్నాననుకుని.

"రక్తం సగం రాక్షసమని ఉన్నది" అంది సుజాత. "మిగిలిన సగమేంది?"

అమ్మ ఆ ప్రశ్న గురించి నిజాయితీగా ఆలోచించింది.

"రాక్షసమైతె మా అత్త దిక్కు నుంచే వచ్చుంటది" అంది.

అత్త అంటే చిన్నాయన సొంత తల్లి. చిన్నాయన మొదటిసారి తలెత్తి వదిన వైపు చూశాడు. ఏదో తేడా జరిగిందని ఆయనకు అప్పుడు అర్థమైనట్టుంది.

"పెండ్లి" అని చదివింది సుజాత. "నాగకన్యతోని అయింది. విడిపోయిన్రు."

పెద్దాయన చాయ్ గ్లాసు కింద పెట్టాడు.

"ఏందీ! పెండ్లయిందా! నర్సక్కా, గిది నాకు చెప్పవైతివి!"

"నాకేమెరుకన్నా! వీళ్ళు చెప్తెనేగద నాకు!"

"ఎవలా పిల్ల? ఏ ఊరు? ఇంటిపేరేంది?"

"అది నిజం పెండ్లి కాదు పెదనాయినా, ఆటల అయిన పెండ్లి" అన్నాను. "మేం శుక్రారం శుక్రారం ఆడుతం."

"పెండ్లిళ్ళ ఆటనా? శుక్రారం శుక్రారమా?"

ఇంతకంటే దిగజారడం కుదరదని అనుకుంటున్నారు కదా? నేనూ అలాగే అనుకున్నాను. రుజువు చూపిస్తే అన్నీ సర్దుకుంటాయని పరుగెత్తి డబ్బాలోంచి పాచికలు తెచ్చి పెద్దాయన చేతిలో పోశాను. ఆయన వాటిని కళ్ళద్దాల దగ్గరకు పెట్టుకుని తిప్పి తిప్పి చూశాడు.

"ఇయి పాసలు గద. వీటి మీద అంకెలున్నయి." ఆయన వాటిని నా చేతిలో తిరిగి పోశాడు. "మట్కానా?"

"అయ్యో, మట్కా కాదు! ఇందుల పైసలుండయి. గెలుసుడు, ఓడుడు కూడ ఉండది!"

"గెలుసుడు ఓడుడు లేకుంట ఎవడాడుతడురా? నాకు చెవుల పువ్వు పెడుతున్నవా?"

మా బస్తీలో మట్కా అన్న మాట పడితే ఆ ఇంటికి పిల్లనిచ్చేవాడు ఉండడు. ఆ అంకెల పిచ్చిలో సాంచాలు అమ్ముకున్న కుటుంబాలు మాకందరికీ తెలుసు. పెద్దాయన లేచి నిలబడ్డాడు. "పా బిడ్డా" అన్నాడు.

అమ్మ అటుకుల పళ్ళెం పట్టుకుని అలాగే నిలబడిపోయింది. చిన్నాయన మళ్ళీ నేలచూపులు మొదలుపెట్టాడు. అలా తల వంచుకోవడం నేను అంతకు ముందు మూడుసార్లు చూశాను. ఈ నాలుగోది నావల్ల. ఇంత నవ్వుతూ చెబుతున్నాను కాని, ఈ ఒక్కచోట నాకు ఇప్పటికీ నవ్వు రాదు. భూమి చీలితే బాగుండుననిపించింది.

సుజాత మాత్రం లేవలేదు.

"ఆగు నాయినా. ఒక్కటి అడుగుత." చిన్నాయన వైపు తిరిగింది. "నాగకన్యను ఎందుకిడిసిపెట్టిండ్రు?"

చిన్నాయన తలెత్తాడు. ఆయన చెవులు ఎర్రబడ్డాయి.

"నేనిడిసిపెట్టలే" అన్నాడు.

మాట వచ్చింది! అమ్మ చేతిలో పళ్ళెం కదిలింది.

"నేనెందుకిడుస్త? ఏడు కోటలు దాటి తెచ్చుకున్న. గుర్రం మీద కూసుండవెట్టుకున్న. గీ పోరడున్నడు చూడు" అని నన్ను చూపించాడు, "వీడు తొవ్వల నది పెట్టిండు. పాసా ఎయ్యుమన్నడు. పదికి మీద పడాలె. మూడు పడ్డది. ఆమె నీళ్ళల్ల కొట్టుకపోయింది. నేను దునికిన. మళ్ళ మూడే పడ్డది!"

"మరి విడిపోయిన్రని రాసిండ్రేంది?"

"సచ్చిపోయిందని రాయబుద్ధి కాలే."

పెద్దాయన నెమ్మదిగా మళ్ళీ కూర్చున్నాడు.

"అటు ఒడ్డున చూసిండ్రా?" అని అడిగాడు.

"చూసిన. నెల రోజులు చూసిన."

"కింది దిక్కు? నీళ్ళు గుంజుకపోతయి గద."

"కింది దిక్కు రాక్షసులున్నరు. ఆడికి పోతె మళ్ళ పాసా."

పెద్దాయన నా వైపు కళ్ళెర్రజేసి చూశాడు. "నువ్వు నది ఎందుకు పెట్టినవురా? పచ్చటి సంసారంల!"

మట్కా సంగతి పక్కకు పోయింది. చిన్నాయన పావుగంట మాట్లాడాడు. కోటలెలా కూల్చాడో, గుర్రానికి దాణా ఎలా దొరికిందో, నేను ఎక్కడెక్కడ అన్యాయం చేశానో అంతా చెప్పాడు. మూడు సంబంధాలకు సరిపడా మాటలు ఒక్కసారే ఖర్చుపెట్టాడు. అంతా విన్నాక సుజాత కాగితంలో ఆఖరి గడి మీద వేలు పెట్టింది.

"నాయినా, ఇప్పటిదాంక ఐదు కాయిదాలు చూసిన. ఐదిట్ల ఒక్క తీరుగనే ఉన్నది. వంట రావాలె, ఇంటిపట్టున ఉండాలె, ఎదురు మాట్లాడద్దు. గిది విను." ఆమె చదివింది. "వంట రాకున్నా సరే. భయం లేకుండాలె. దెబ్బ తగిలినోన్ని ఇడిసిపెట్టి ఉరుకద్దు. తప్పు తొవ్వల పోతుంటె తప్పని మొఖం మీద చెప్పాలె. దొరికిన దాంట్ల సమానం వాటా."

చదవడం ఆపి చిన్నాయన్ను అడిగింది. "ఇది మీరు చెప్పిందేనా?"

"నేనే చెప్పిన. రాసింది వాడు."

"యుద్ధానికి చెప్పిండ్రా, పెండ్లికి చెప్పిండ్రా?"

చిన్నాయన ఒకసారి కాగితం వైపు, ఒకసారి ఆమె వైపు చూశాడు.

"నాకు రెండిటి సంగతి ఎరుక లేదు" అన్నాడు. "రెండూ చూడలే."

సుజాత అప్పుడు నవ్వింది. నవ్వుతూనే కాగితం మడిచి బ్యాగులో పెట్టుకుంది, తిరిగివ్వలేదు. "నాకు సమ్మతమే నాయినా" అంది. అమ్మ అటుకుల పళ్ళెంతో సహా కింద కూలబడి ఏడ్చింది. నర్సక్క ఈ సంబంధం తాను ముందే చూసి పెట్టుకున్నానని ఆ సాయంత్రానికే ఊరంతా చెప్పింది.

పెళ్ళయి నాలుగేళ్ళయింది. పిన్ని ఆ కాగితాన్ని లామినేషన్ చేయించి వంటగదిలో పొయ్యి పైన మేకుకు తగిలించింది. ఆమెకు వంట రాదు, రాకున్నా సరేనని పైన రాసే ఉంది. చిన్నాయన కార్ఖానా నుంచి వచ్చి జొన్నరొట్టెలు చేస్తాడు, అవి సమానంగా రెండు వాటాలవుతాయి. పిండి ఎక్కువ తడిపితే తప్పని మొహం మీదే చెప్పేస్తుంది, అదీ రాసే ఉంది. నేను ఎప్పుడు వెళ్ళినా చిన్నాయన పిండి చేతులతో నన్ను మూలకు లాగి ఒకటే మాట అడుగుతాడు.

"గంత మంచి దస్తూరి ఉన్నది నీకు. 'కొద్దిగ వంట వస్తె మంచిది' అని ఒక్క ముక్క నీ దిక్కు నుంచి రాస్తె ఏం పోయెడిదిరా?"

కాబట్టి పాఠకమహాశయులారా, కుడి చేతిలో పాచికలేమీ లేకుండా, పూర్తి స్పృహలో ఉండి, మా ఇంటి గణపతి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట పెళ్ళి బయోడేటా ఫారం మీద పెళ్ళికి పనికొచ్చే అబద్ధాలు తప్ప, ఒక్కటంటే ఒక్క నిజమైన కోరిక కూడా రాయను.